ఇద్దరి మధ్య ఇరవై సెకన్లు

విలువిద్య పోటీని మొదటిసారి చూసేవారికి ఒక సంగతి వింతగా తోస్తుంది. పోటీ ఇద్దరి మధ్యనే జరుగుతుంది. ఒకరు గెలవాలంటే రెండవవారు ఓడవలసిందే. అయినా వారు ఒకరికెదురుగా మరొకరు నిలబడరు. ఒకే గీత మీద, పక్కపక్కన, ఒకే వైపు చూస్తూ నిలబడతారు. వారి బాణాలు వెళ్ళేది ప్రత్యర్థి వైపు కాదు. 50 మీటర్ల దూరాననో 70 మీటర్ల దూరాననో ఉన్న కాగితపు వలయాల వైపు. ఎదురుగా ఒక గడియారం ఉంటుంది. అందులో 20 సెకన్లు ఒక్కొక్కటే తరిగిపోతుంటాయి. ఆలోగా బాణాన్ని నారికి తొడిగి, విల్లెత్తి, నారి లాగి, గాలిని అంచనా వేసి, గురి నిలిపి వదలాలి. గడువు దాటిన బాణానికి విలువ లేదు. ఆ వెంటనే పక్కవారి 20 సెకన్లు మొదలవుతాయి.

ఒకప్పుడు ఈ క్రీడ ఇలా ఉండేది కాదు. విలుకాండ్రందరూ రోజుల తరబడి బాణాలు వేసేవారు. చివరకు అందరి పాయింట్లు కూడి ఎవరు ముందున్నారో చెప్పేవారు. ఇద్దరిద్దరిని తలపడనిచ్చి, ఓడినవారిని ఇంటికి పంపే పద్ధతి ఒలింపిక్స్‌లోకి 1992లో, బార్సిలోనా క్రీడలతో వచ్చింది. తుపాకీ క్రీడలోనూ వేగానికి ఇలాంటి పరీక్షలున్నాయి. 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీ తుది ఘట్టంలో వరుసగా ఉన్న ఐదు లక్ష్యాలను 4 సెకన్లలో కొట్టాలి. కొన్ని దేశాల షూటింగ్ క్లబ్బులలో ఇద్దరు పక్కపక్కన నిలబడి ఎవరి ఇనుప పలకలను వారు పడగొట్టుకుంటూ పోతారు; ముందుగా ముగించినవారిదే గెలుపు. మన తెలుగువారిలో హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, జట్టుతో స్వర్ణం గెలిచింది. కానీ కృష్ణా డెల్టాలో గురి అనగానే గుర్తుకు వచ్చేది తుపాకీ కాదు, విల్లు. కనుక ఈ వ్యాసంలో మేము విల్లును గురించే మాట్లాడదలచుకున్నాము.

కూచిపూడి పేరు చెప్పగానే దేశమంతటికీ నాట్యం గుర్తుకు వస్తుంది. ఆ ఊరినుండి బస్సెక్కి పామర్రు, ఉయ్యూరు దాటి విజయవాడ చేరితే అక్కడ మరొక విద్య వేళ్ళూనుకొని కనిపిస్తుంది. విజయవాడలో విలువిద్యకు పునాదులు వేసినవారిలో చెరుకూరి సత్యనారాయణ, ఆయన కుమారుడు లెనిన్ ముఖ్యులు. స్వయంగా అంతర్జాతీయ విలుకాడు, శిక్షకుడు అయిన లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. కొడుకు పోయిన తరువాత కూడా ఆ తండ్రి వోల్గా ఆర్చరీ అకాడమీని మూయలేదు. ఇతరుల పిల్లలకు విల్లు పట్టడం నేర్పుతూనే వచ్చారు. ఒక నగరంలో ఒక విద్య నిలబడటానికి ప్రభుత్వ పథకాలకంటే ముందు ఇటువంటి మొండితనం ఒకటి కావాలని మాకనిపిస్తుంది.

ఆ నగరపు బిడ్డే వెన్నం జ్యోతి సురేఖ. ఆమె వాడేది కాంపౌండ్ విల్లు. రెండు కొసలలో చిన్న చక్రాలుండి, నారి పూర్తిగా లాగిన తరువాత చేతిమీద బరువు తగ్గేలా అమర్చిన విల్లు అది. పోటీలో ఒక్కొక్కరికి 15 బాణాలు. అన్నీ నడిబొడ్డున తగిలితే 150 పాయింట్లు. 50 మీటర్ల దూరాన ఆ నడిబొడ్డు వెడల్పు 8 సెంటీమీటర్లు మాత్రమే, అంటే మన ఇంట్లో టీ సాసరు కంటే చిన్నది. హాంగ్‌జౌలో 2023 అక్టోబరులో ఆమె మూడు స్వర్ణాలు గెలిచింది. వ్యక్తిగత తుది పోరులో కొరియాకు చెందిన సో చేవాన్‌పై 149-145తో గెలిచింది. ఓజస్ దేవ్‌తలేతో కలిసి మిశ్రమ జట్టులో 159-158తోను, మహిళల జట్టులో 230-229తోను విజయం దక్కింది. ఈ చివరి రెండు అంకెలను మరొకసారి చూడండి. 16 బాణాల తరువాత ఒక్క పాయింటు, 24 బాణాల తరువాత ఒక్క పాయింటు!

అయితే మాకు ఆ పతకాలకంటే ఎక్కువగా గుర్తుండిపోయిన సంగతి వేరొకటి ఉంది. అదే ఏడాది ఆగస్టులో బెర్లిన్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. జ్యోతి సురేఖ, మహారాష్ట్రకు చెందిన పదిహేడేళ్ళ అదితి స్వామి, పంజాబుకు చెందిన పర్‌నీత్ కౌర్ ముగ్గురూ ఒకే జట్టుగా నిలబడి భారతదేశానికి ఆ పోటీల చరిత్రలో తొలి స్వర్ణం తెచ్చారు. మరునాడు వ్యక్తిగత సెమీఫైనల్లో జ్యోతి, అదితి ఎదురెదురు పడ్డారు. చిన్నది గెలిచింది, ఆపై ప్రపంచ విజేత అయింది. పెద్దది కాంస్యంతో సరిపెట్టుకుంది. రెండు నెలలు తిరిగేసరికి హాంగ్‌జౌలో మళ్ళీ ఇద్దరూ ఒకే జట్టులో స్వర్ణం గెలిచారు, మళ్ళీ సెమీఫైనల్లో తలపడ్డారు. ఈసారి పెద్దది గెలిచింది. నిన్న ఒకరి భుజం మీద మరొకరు చేయి వేసుకున్నవారే నేడు ప్రత్యర్థులు. రేపు మళ్ళీ ఒకే జట్టు.

ఇక్కడే మనకు ఒక హదీసు గుర్తుకు రావాలి. సహీహ్ బుఖారీలో హజ్రత్ సలమా బిన్ అక్వా (రజి) ద్వారా ఉల్లేఖించబడిన సంఘటన అది. అస్లమ్ తెగకు చెందిన కొందరు విలువిద్యలో పోటీపడుతున్నారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) అటుగా వచ్చారు. వారిని ఇస్మాయీల్ (అ) సంతతిగా సంబోధించి, వారి పితామహుడు కూడా విలుకాడేనని గుర్తు చేసి, బాణాలు వేయమని ప్రోత్సహించారు. తాము ఫలానా పక్షాన ఉన్నామని కూడా చెప్పారు. ఆ మాటతో రెండవ పక్షంవారు చేతులు ఆపివేశారు. ఎందుకు ఆపారని ఆయన అడిగారు. ప్రవక్తవారే అవతలి పక్షాన ఉండగా తామెలా బాణం వేయగలమన్నది వారి సమాధానం. అప్పుడాయన వారిని కొనసాగించమని, తాము అందరి పక్షాన ఉన్నామని సెలవిచ్చారు.

ఈ సంఘటనను ఉపన్యాసాలలో తరచుగా విలువిద్య ప్రాశస్త్యానికి ఆధారంగా చెబుతారు. అది నిజమే. కానీ అందులోని రెండవ సగాన్ని మనం తొందరగా దాటిపోతామేమో. ప్రవక్త (స) పోటీని ఆపలేదు. గెలుపోటములు వద్దనలేదు. ఒక పక్షం నొచ్చుకున్న క్షణాన వారిని తిరిగి పోటీలోకి తెచ్చారు. పోటీ ఉండాలి, కానీ అందులో ఎవరూ తాము ప్రేమకు దూరమయ్యామని అనుకోకూడదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు క్యారమ్స్ ఆడుతుండగా తండ్రి చిన్నవాడి వెనుక కూర్చుంటే పెద్దవాడి ముఖం ఎలా మారుతుందో చూసిన ప్రతి తల్లికీ ఈ హదీసు అర్థమవుతుంది.

ఓటమిని గురించి కూడా ఒక మాట. పారిస్ ఒలింపిక్స్‌లో, 2024 జులైలో, విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్ కెనడా విలుకాడు ఎరిక్ పీటర్స్‌తో తలపడ్డాడు. ఇది రికర్వ్ విల్లు పోటీ. దూరం 70 మీటర్లు. ఐదు సెట్లు ముగిసేసరికి ఇద్దరూ 5-5తో సమానం. ఇక మిగిలింది చెరొక బాణం. ఇద్దరూ 10 పాయింట్ల వలయంలోనే కొట్టారు. అంటే ఇద్దరూ తప్పు చేయలేదు. కానీ పీటర్స్ బాణం కేంద్రానికి మరికొంత దగ్గరగా ఉంది. ధీరజ్ ఇంటిదారి పట్టాడు. తరువాత మిశ్రమ జట్టులో అంకితా భకత్‌తో కలిసి ఒలింపిక్ విలువిద్యలో భారతదేశానికి తొలిసారిగా సెమీఫైనల్ చూపించాడు. నాలుగవ స్థానంతో పతకం చేతికందలేదు. ఇటువంటి ఓటమిని పిల్లవాడికి ఎలా వివరించాలి? మదీనాలో ప్రవక్త (స) ఒంటె అద్బాను పరుగులో ఏ ఒంటే దాటలేకపోయేది. ఒకనాడు ఒక ఎడారివాసి తన పడుచు ఒంటెతో వచ్చి దానిని ఓడించాడు. సహచరులకు కష్టం తోచింది. ఈ లోకంలో ఎత్తుకెదిగిన దేనినైనా క్రిందికి దించడం అల్లాహ్ నియమమని ఆయన వారికి తెలియజెప్పారు. ఇదీ సహీహ్ బుఖారీలో ఉన్నదే. గెలిచిన ఒంటెమీద నింద లేదు, ఓడిన ఒంటెమీద కోపం లేదు.

ఇప్పుడు మన ఇళ్ళలోని సందేహాలకు వద్దాం. మొదటిది, ఎవరూ గట్టిగా అనని, కానీ అందరి మనసులోనూ మెదిలే సందేహం. మన పిల్లవాడు విల్లో, ఎయిర్ పిస్టలో పట్టుకొని వీధిలో నడిస్తే చుట్టుపక్కలవారు ఏమనుకుంటారు? ఈ భయాన్ని మేము తేలికగా కొట్టివేయము. నేటి వాతావరణంలో అది తండ్రి గుండెలో పుట్టే న్యాయమైన భయం. దానికి సమాధానం దాపరికం మాత్రం కాదు. గుర్తింపు ఉన్న సంఘంలో, బహిరంగ మైదానంలో, అన్ని మతాల పిల్లలతోపాటు, కోచ్ ఎదుట నేర్చుకోవాలి. తుపాకీల విషయంలో ఆయుధ చట్టం ఏమంటే అదే. అందులో సొంత తెలివితేటలకు చోటు లేదు. సరంజామా సంచిలో పెట్టి తీసుకువెళ్ళాలి, పక్కింటివారడిగితే తెరిచి చూపించాలి. చూసినవారిలో ఒకరు తమ బిడ్డను కూడా పంపుతామంటే ఇంకా మంచిది.

శక్తిని సమకూర్చుకోవడాన్ని గురించిన దివ్యఖుర్‌ఆన్ ఆయతు (అన్‌ఫాల్: 60), దానిని వివరిస్తూ శక్తి అంటే గురిచూసి వేయడమేనని ప్రవక్త (స) మూడుసార్లు నొక్కి చెప్పిన హదీసు మనందరికీ తెలిసినవే. ఆ ఆయతు సందర్భం యుద్ధానికి, ఒక రాజ్యపు రక్షణకు సంబంధించినది. దానిని తెచ్చి నేటి క్లబ్బు పోటీకి అతికించి ఆవేశపడటం ఆ ఆయతుకూ న్యాయం కాదు, ఈ క్రీడకూ న్యాయం కాదు. క్రీడను క్రీడగానే నేర్చుకుందాం. అందులో అభ్యాసం, ఓర్పు, సంస్కారం అనే భాగం మాత్రం అన్ని కాలాలకూ చెందినది. ఆ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) జీవితాన్నే చూడండి. వృద్ధాప్యంలో కూడా ఆయన రెండు లక్ష్యాల మధ్య అటూ ఇటూ నడుస్తూ సాధన చేసేవారు. ఈ వయసులో ఈ శ్రమ ఎందుకని ఒకరు అడిగారు. విలువిద్య నేర్చి విడిచిపెట్టడాన్ని ప్రవక్త (స) గర్హించగా తాము విన్నామని, లేకుంటే ఈ శ్రమ పడేవారము కామని ఆయన బదులిచ్చారు. నేటికీ విలువిద్య మైదానంలో సగం సమయం నడకకే పోతుంది. మూడు బాణాలు వేయడం, వెళ్ళి తీసుకోవడం, తిరిగి రావడం. నేర్చుకునే పిల్లలు ఎక్కువగా విసుక్కునేది ఈ నడకనే.

రెండవ సందేహం ఆడపిల్లలను గురించినది. దీనిపై మా అభిప్రాయం సూటిగానే చెబుతాము: పంపవచ్చు, పంపాలి. దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలం తరువాత ఆయన గెలిచి, ఇది నాటి దానికి బదులని చమత్కరించారు. అబూ దావూద్ గ్రంథంలో ఉన్న ఈ సంఘటన భార్యాభర్తల మధ్య పోటీకి ఎంత అందమైన ఉదాహరణ! ఇక దుస్తుల విషయానికొస్తే, విలువిద్య పరదా పాటించే బిడ్డకు చాలా క్రీడలకంటే అనుకూలమైనది. పరుగెత్తడం లేదు, మీద మీద పడటం లేదు. ఇండోనేషియాకు చెందిన దియానందా చోయిరునిసా హిజాబుతోనే 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది, ఒలింపిక్స్‌లో ఆడింది. ఇరాన్‌కు చెందిన జహ్రా నెమతి కారు ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడిన తరువాత విల్లు పట్టింది. చక్రాల కుర్చీలో కూర్చొని 2012 లండన్ పారాలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది; 2016లో రియోలో ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండింటిలోనూ పాల్గొంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. వేలాడే దుపట్టా, వదులు చేతులు నారికి తగులుకుంటాయి. హిజాబు కొసలు లోపలికి దోపి, చేతికి రక్షాపట్టీ, ఛాతీకి కవచం కట్టుకోవాలి. మహిళా శిక్షకురాలు ఉన్నచోటు దొరికితే మరీ మంచిది. లేకుంటే తల్లో, అన్నో మైదానం గట్టున కూర్చుంటే సరిపోతుంది. ఆ తల్లికి కూడా ఒక పూట గాలి తగులుతుంది!

పందేల విషయం మరింత లోతుగా చూడవలసినది. పోటీ ఉన్నచోటికి పందెం వెతుక్కుంటూ వస్తుంది. సంక్రాంతి రోజుల్లో మన డెల్టా గ్రామాలలో కోడిపందేల బరులు, చేతులు మారే సొమ్ము సంగతి కూచిపూడి చుట్టుపక్కల వారికి మేము చెప్పనక్కరలేదు. ఇప్పుడది సెల్‌ఫోన్‌లోకి కూడా వచ్చింది. సహీహ్ ముస్లింలో ఒక సంఘటన ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) దారిన వెళుతుండగా కొందరు ఖురైష్ యువకులు ఒక పక్షిని కట్టి, దానిని లక్ష్యంగా పెట్టుకొని బాణాలు వేస్తున్నారు. గురి తప్పిన ప్రతి బాణమూ ఆ పక్షి యజమానికి చెందాలన్నది వారి ఒప్పందం. ఆయనను చూడగానే చెల్లాచెదురయ్యారు. ప్రాణమున్నదానిని లక్ష్యంగా నిలిపేవారిని దైవప్రవక్త (స) శపించారని ఇబ్నె ఉమర్ (రజి) తెలిపారు. పధ్నాలుగు శతాబ్దాల నాటి ఆ దృశ్యంలో జీవహింస, దానికి తోడు ఒప్పందపు సొమ్ము రెండూ పక్కపక్కనే ఉండటం మమ్మల్ని ఆలోచింపజేసింది. ఉండేలు పట్టుకొని పిచ్చుకల వెంటపడే పిల్లవాడికి కాగితపు వలయం ఎంత మేలైన లక్ష్యమో వేరుగా చెప్పాలా?

మరి బహుమతి తీసుకోవచ్చునా? బాణం, ఒంటె, గుర్రం ఈ మూడింటి పోటీలలో బహుమతికి ప్రవక్త (స) అనుమతించిన హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. ధర్మపండితులు దీనిని వివరిస్తూ ఒక గీత గీశారు. పాలకుడో, సంస్థో, బయటివారో బహుమతి ఇస్తే నిస్సంకోచంగా తీసుకోవచ్చు. పోటీపడే ఇద్దరిలో ఒక్కరే ముందుకు వచ్చి, నన్ను గెలిస్తే ఇంత ఇస్తాననడమూ చెల్లుతుంది. ఇద్దరూ సొమ్ము పెట్టి గెలిచినవారు ఊడ్చుకుపోయేలా ఉంటే మాత్రం అది జూదపు పోలిక సంతరించుకుంటుంది. కనుక ప్రభుత్వమిచ్చే నగదు పురస్కారం వేరు, మైదానం వెనుక మిత్రులు వేసుకునే వంద రూపాయల పందెం వేరు. మొత్తం చిన్నదైనంత మాత్రాన రెండవది మొదటిదాని వంటిది కాజాలదు.

ఇక సురక్షితం. క్లబ్బులో అడుగుపెట్టిన రోజున చెప్పే నియమాలు కఠినంగా ఉంటాయి. అందరూ వేయడం ఆపినట్లు ఈల వినిపించేవరకు ఎవరూ గీత దాటకూడదు. బాణం తొడిగిన విల్లును లక్ష్యం వైపు తప్ప మరెటూ తిప్పకూడదు. బాణాల కోసం మైదానంలో పరుగెత్తకూడదు. బాణం లేకుండా నారి లాగి వదలకూడదు, విల్లు విరుగుతుంది. ఈ నియమాలలో కొన్ని మనకు కొత్తవి కావు. సోదరుని వైపు ఆయుధాన్ని చూపవద్దని, షైతాను ఆ చేతిని జారవిడువవచ్చునని ప్రవక్త (స) హెచ్చరించారు. మస్జిదులోగాని, బజారులోగాని బాణాలతో నడిచేవారు వాటి మొనలను చేతితో మూసి పట్టుకోవాలని ఆదేశించారు, ఎవరికీ గీసుకోకుండా. తమాషాకు బొమ్మ తుపాకీని తమ్ముడి ముఖానికి గురిపెట్టే పిల్లవాడిని మందలించడానికి ఇంతకంటే ఆధారమేమి కావాలి?

ఈ సంస్కారం ముస్లిం ప్రపంచంలో ఒకప్పుడు పూర్తి వ్యవస్థగా నడిచింది. ఇస్తాంబుల్‌లో ఓక్‌మైదాన్, అంటే బాణాల మైదానం, సుల్తాన్ మెహ్మద్ ఫాతిహ్ కాలం నుండి విలుకాండ్రకే ప్రత్యేకించబడింది. విద్య పూర్తయిన శిష్యుడికి గురువు అందరి ఎదుట విల్లు పిడి చేతికిచ్చేవాడు. ఆ పిడి అందుకోనివాడు పోటీకి అర్హుడు కాడు. దూరపు రికార్డులకు గుర్తుగా నిలిపిన రాళ్ళు కొన్ని నేటికీ ఆ నగరంలో ఉన్నాయి. తుర్కీ సంప్రదాయ విలువిద్యను యునెస్కో 2019లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ దేశపు యువకుడు మెతె గాజోజ్ టోక్యో ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలిచాడు.

ఖర్చు మాట దాచి లాభం లేదు. పోటీ స్థాయి కాంపౌండ్ విల్లు విదేశాలనుండి రావాలి. లెక్క లక్షల్లో ఉంటుంది. మధ్యతరగతి ఇంటికి అది బరువే. అయితే మన దేశంలో కర్ర విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ అనే విభాగం జాతీయ పోటీలలో కూడా ఉంది. దూరాలు 30, 50 మీటర్లు. ఖర్చు ఎన్నో రెట్లు తక్కువ. బిడ్డ మనసు నిలుస్తుందో లేదో తెలిసేవరకు అక్కడ మొదలుపెట్టడమే వివేకం. చేరేముందు కోచ్‌ను అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. నేర్చుకునేవారికి క్లబ్బు విల్లు ఇస్తారా? ఒక్కసారి గీత మీద ఎందరు నిలబడతారు? జుమా నమాజు వేళకు, రంజాన్ నెలలో సాధన సమయం మార్చుకునే వీలుందా? ఆడపిల్లలెందరున్నారు? సమాధానాలు నచ్చితేనే డబ్బు కట్టండి.

చేరిన తరువాత తొలి వారాలలో చాలా చోట్ల బాణం చేతికి ఇవ్వరు. రబ్బరు పట్టీని లాగించి భుజాలు, వీపు నిలబడే తీరు సరిచేస్తారు. ఆపై నాలుగైదు అడుగుల దూరంలో, వలయాలు లేని ఒట్టి గడ్డి దిమ్మకు వేయిస్తారు, కొన్నిసార్లు కళ్ళు మూసుకొని. గురి సంగతి ఆ తరువాత. మీ బిడ్డ ఇంటికి వచ్చి, అబ్బా, ఈ రోజు కూడా రబ్బరే లాగించారని అలిగితే, ఆ కోచ్ సరైనవాడేనని అనుకోండి.